అందరూ కలిసి పాడే ఆ చివరి పాట మనకొద్దు

సర్వమత సంగీతోత్సవం అంటే అది ఎలా నడుస్తుందో వెళ్లకముందే చెప్పేయొచ్చు. ఒక ఖవ్వాలీ బృందం, ఒక చర్చి క్వయర్, ఒక భజన బృందం, సిక్కుల శబద్ కీర్తనలు పాడే రాగీలు, కుదిరితే టిబెటన్ భిక్షువులు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కే సందులో యాంకర్ వచ్చి దారులు ఎన్నైనా గమ్యం ఒక్కటేనని చెబుతారు. ఆఖర్న అందరినీ వేదిక మీదికి పిలిచి, అందరి నోటికీ పట్టే ఒక తేలిక బాణీలో తలా ఒక పంక్తి పాడిస్తారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. ఫొటోలు ఎక్కువగా పడేది ఆ నిమిషంలోనే.

ఇలాంటి ఉత్సవాలకు నేను శ్రోతగా వెళ్లాను. కుర్చీలు సర్దే దగ్గర్నుంచి కార్యక్రమ పత్రం రాసేదాకా పనుల్లోనూ తిరిగాను. ఇవి జరగాలని, ఇంకా ఎక్కువ చోట్ల జరగాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకదాన్ని. అందుకే, కమిటీ మీటింగుల్లో టైము చాలక సగంలో ఆగిపోయే ఒక వాదనను ఇక్కడ నింపాదిగా పెడుతున్నాను. ఆ చివరి పాట తీసేద్దాం. దాంతోపాటు, అన్ని మతాల పాటా ఒకటే చెబుతుందన్న ఆ మాటనూ తీసేద్దాం. ఏ పాటకూ ఇంకో పాటతో పొత్తు కుదరకపోయినా, ఒకే జనం ఒకే సాయంత్రం కూర్చుని వాటన్నిటినీ ఓపిగ్గా వినడంలోనే ఈ ఉత్సవం విలువంతా ఉందని నా నమ్మకం.

ఈ తరహా ఉత్సవాల్లో బాగా పేరున్నది మొరాకోలోని ఫెస్ నగరంలో జరిగేది. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత అరబ్బు ప్రపంచానికీ పశ్చిమ దేశాలకూ మధ్య పెరిగిన ఎడం చూసి, ఫౌజీ స్కాలీ అనే మానవశాస్త్రవేత్త 1994లో దాన్ని మొదలుపెట్టారు. పెద్ద కచేరీలు బాబ్ మకీనా అనే ఎత్తైన గోడల ప్రాంగణంలో టికెట్ మీద జరుగుతాయి. ఊరి జనం కోసం బూజ్లూద్ మైదానంలో ఉచిత కచేరీలుంటాయి, రాత్రి పొద్దుపోయాక సూఫీ బృందాల గానం ఉంటుంది. 1999లో దలైలామా పిలుపు అందుకుని లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఉత్సవమైతే ఒక్క హాలుకు పరిమితం కాలేదు, నగరమంతా వేర్వేరు చోట్ల నడిచింది. వీటి వెనకున్న ఆందోళన నిజమైనది. పక్కింటివాళ్లు ఎలా ప్రార్థిస్తారో ఒక్కసారైనా వినకుండానే వాళ్ల మీద ఒక అభిప్రాయం పెట్టుకుని ఏళ్లకేళ్లు బతికేస్తాం. ఉపన్యాసాలు ఆ అభిప్రాయాన్ని పెద్దగా కదపలేవు. ఒక మనిషి తన దేవుణ్ణి పిలుస్తుండగా వింటే మాత్రం లోపల ఏదో కదులుతుంది. ఇంతవరకు నాకు ఎవరితోనూ పేచీ లేదు. అలా పిలిచే గొంతును తెచ్చి మనం ఏం చేస్తున్నామన్న దగ్గరే పేచీ.

భక్తితో సంగీతం వినడాన్ని సూఫీలు సమా అంటారు. దానికి వెయ్యేళ్లు దాటిన నియమం ఒకటుంది. బాగ్దాదుకు చెందిన సూఫీ గురువు జునైద్ చెప్పిన మాటగా ఇస్లాం పండితుడు గజాలీ దాన్ని రాసిపెట్టారు. సమాకు మూడు కుదరాలి: సమయం, స్థలం, సహవాసులు. ఆ మూడూ కుదరనప్పుడు వినకపోవడమే మంచిది. ఉత్సవం నిర్వహించే ప్రతి కమిటీ గోడకు రాసిపెట్టుకోవాల్సిన నియమం ఇది. ఎందుకంటే వేదిక ఈ మూడింటినీ ఒక్క దెబ్బకు మార్చేస్తుంది.

ముందు సమయం సంగతి. దర్గాలో ఖవ్వాల్ పాడుతుండగా ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఒకరికి ఏదో ఒక పంక్తి దగ్గర సూఫీలు హాల్ అనే పారవశ్యం వచ్చిందనుకోండి, ఒళ్లు మరిచిపోయారనుకోండి, ఖవ్వాల్ ఆ పంక్తిని వదిలి ముందుకు పోకూడదు. ఆ మనిషి తేరుకునేదాకా అదే పంక్తి, మళ్లీ అదే పంక్తి. ఢిల్లీలో సూఫీ గురువు ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ మరణం గురించి ఆయన శాఖకు చెందిన చిష్తీ సూఫీలు చెప్పుకునే కథ ఇలాంటిదే. 1235లో ఒక సమాలో అహ్మద్ జామ్ రాసిన పారశీక పద్యం విని ఆయన ఒరిగిపోయారట. మొదటి పాదానికి ప్రాణం పోయినట్టు, రెండో పాదానికి తిరిగొచ్చినట్టు కొన్ని రోజులు సాగి, చివరికి అలాగే కన్నుమూశారట. ఆ నమ్మకంలో పెరిగిన పాటకు ఇరవై నిమిషాల స్లాట్ ఇస్తాం. పదిహేడో నిమిషంలో వేదిక పక్కనుంచి వాచీ చూపిస్తాం. హార్మోనియం దగ్గర కూర్చున్న పెద్దాయన ఆ వాచీ చూసి, అప్పుడే వేడెక్కుతున్న పంక్తిని వదిలేసి, జనానికి తెలిసిన ఏదో ఒక హిట్టు ఎత్తుకుంటారు. నేను చూసిన చాలా ఉత్సవాల్లో ఖవ్వాలీ అలాగే ముగిసింది.

ఇథియోపియా ఆర్థొడాక్స్ చర్చి గానానిదీ ఇదే పరిస్థితి. ఆరో శతాబ్దంలో సెయింట్ యారెద్ నుంచి వచ్చిందని వాళ్లు నమ్మే ఆ గానం పండుగ రాత్రుల్లో తెల్లవారేదాకా నడుస్తుంది. మొదట చాలాసేపు ఉత్త గొంతులే. తర్వాత పొడవాటి ప్రార్థన కర్రలను లయగా ఊపుతారు. ఆ తర్వాతే చేత్తో ఊపే సిస్ట్రమ్ గలగలలు, కబరో డోలు వచ్చి చేరతాయి. ఇరవై నిమిషాల్లో డోలు దాకా రావాలంటే మొదటి భాగం మొత్తం కోసేయాలి. కోసేస్తున్నారు. జనానికి డోలు ఊపు దొరుకుతుంది గానీ, ఆ ఊపు కోసం గొంతులు గంటల తరబడి కాచుకున్న సంగతి అందదు.

కోత ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే మెవ్లెవీ శాఖ సూఫీలైన దర్వేషులను చూడండి. టర్కీలో 1925లో సూఫీ మఠాలన్నీ మూసేశారు. 1950ల్లో మెవ్లెవీలు తిరుగుతూ చేసే సెమా అనే ఆరాధనకు మళ్లీ అనుమతి వచ్చింది గానీ, బహిరంగ ప్రదర్శనగా మాత్రమే. యునెస్కో 2008లో దాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, పర్యాటకుల కోసం దీన్ని కుదించి తేలిక చేసేస్తున్నారని వివరణలోనే ఒప్పుకుంది. తెల్లని బట్టల్లో గిరగిరా తిరిగే ఆ మనుషులను మనమందరం ఎరుగుదుం. ప్రవక్త స్తుతితో మొదలై, ఒంటరి నెయ్ వేణువు ఆలాపన మీదుగా, సలాంలు అనే నాలుగు భాగాలు దాటి, ఖురాన్ పఠనంతో ముగిసే పూర్తి క్రమాన్ని కూర్చుని చూసినవాళ్లు మనలో ఎంతమంది?

స్థలం విషయానికొస్తే, ఒక సౌండ్ చెక్ నా మనసులో అలా ఉండిపోయింది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వేళ్లూనుకున్న షేప్ నోట్ గానం పాడే బృందం ఒకటి వచ్చింది. వాళ్ల చేతిలో ఉండేది సేక్రెడ్ హార్ప్ అనే కీర్తనల పుస్తకం, మొదట అచ్చయింది 1844లో. సంగీతం చదువుకోనివాళ్లు కూడా చూసి పాడగలిగేలా అందులో స్వరాలకు త్రికోణం, గుండ్రం, చతురస్రం, డైమండ్ ఆకారాలు ఉంటాయి. పాడేవాళ్లు నాలుగు జట్లుగా చతురస్రం కట్టి, ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు. మధ్యలో ఖాళీ. పాట నడిపే మనిషి ఆ ఖాళీలో నిలబడి చెయ్యి పైకీ కిందికీ ఊపుతూ తాళం చూపిస్తారు. ముందు మాటలు లేకుండా ఫా, సొల్, లా అంటూ స్వరాలు పాడి, ఆ తర్వాతే సాహిత్యంలోకి వెళ్తారు. పాడటం నునుపుగా ఉండదు, గుండె నిండా ఊపిరి తీసుకుని గట్టిగా విసురుతారు. వినేవాళ్లు అని వేరే ఎవరూ ఆ లెక్కలో లేరు. వచ్చినవాళ్లందరూ ఏదో ఒక జట్టులో కూర్చుని పాడాల్సిందే.

మా సౌండ్ అబ్బాయి చూసి, ఒక జట్టు వీపులు జనానికి కనిపిస్తున్నాయని, కాస్త విడదీసి అర్ధచంద్రంలా కూర్చోమన్నాడు. మర్యాదస్తులు, మారు మాట్లాడకుండా జరిగారు. మొదలుపెట్టిన నిమిషానికే తేడా తెలిసిపోయింది. మామూలుగా పై గొంతుల ట్రెబుల్ జట్టుకు ఎదురుగా బేస్ జట్టు ఉంటుంది, కింది గొంతులు వచ్చి నేరుగా మొహాన తగులుతాయి. ఇప్పుడు అవి పక్కకు పోతున్నాయి. ట్రెబుల్‌లో ముందు కూర్చున్న ఒకావిడ పాడుతూనే మెడ పూర్తిగా ఎడమకు తిప్పి, చివరిదాకా ఎదుటి జట్టు నోళ్లే చూస్తూ ఉండిపోయింది. రెండో పాటకు పుస్తకం ఒళ్లో పెట్టేసుకుంది. నిజానికి దీనికి పైసా ఖర్చులేని దారి ఉంది. వాళ్లను హాలు నడుమ చతురస్రంగానే కూర్చోబెట్టి, జనాన్ని చుట్టూ కూర్చోబెట్టాలి. ప్రతి జట్టులోనూ కొన్ని కుర్చీలు ఖాళీగా వదిలి, పాడాలనుకున్నవాళ్లను వచ్చి కూర్చోమనాలి. వాళ్ల సంప్రదాయంలో కొత్తవాళ్లను ఆహ్వానించే పద్ధతి అదే.

ఇక సహవాసులు, అంటే మనమే. నల్లజాతి అమెరికన్ చర్చిలో పుట్టిన గాస్పెల్ అనే భక్తి గానానికి ఎదుటివాళ్లు బదులు పలకాలి. చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చుంటే పాట సగమే జరిగినట్టు. 1963లో వాషింగ్టన్ సభలో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడుతుంటే, అంతకుముందే పాడి వెనక కూర్చున్న మహాలియా జాక్సన్, ఆ కల సంగతి చెప్పమని కేకేసిందంటారు. చర్చిలో పెరిగిన మనిషికి అలా అందించడం ఊపిరి పీల్చుకున్నంత సహజం. ఖురాన్ పఠనం దగ్గరికి వస్తే అంతా తలకిందులు. ఖారీ, అంటే ఖురాన్ పఠించే మనిషి, తజ్వీద్ అనే ఉచ్చారణ నియమాల ప్రకారం ఏ అక్షరం ఎంత సాగాలో, ఎక్కడ ఊపిరి ఆపాలో చూసుకుంటూ చదువుతారు. ఈజిప్టు శైలిలో గొంతు ఒక మకామ్ నుంచి, అంటే మన రాగంలాంటి దాన్నుంచి, ఇంకో మకామ్‌కు ఎక్కుతూ దిగుతూ పోతుంది, మన చెవికి గొప్ప సంగీతంలా వినిపిస్తుంది. అయినా చదివేవాళ్లు గానీ వినేవాళ్లు గానీ దాన్ని సంగీతంగా లెక్కవేయరు. వాయిద్యం ఉండదు, ముందే కట్టిన బాణీ ఉండదు. ఖారీ ఊపిరి కోసం ఆగినప్పుడు శ్రోతలు తట్టుకోలేక అల్లాహ్ అంటారు. చప్పట్లు మాత్రం కొట్టరు. మనమేమో గాస్పెల్ అయిన వెంటనే ఖారీని పిలుస్తాం. అప్పటిదాకా చేతులు అరిగేలా తాళం వేసిన జనం ఆయన మొదటి విరామానికే చప్పట్లు మోగిస్తారు. ఇందులో జనం తప్పేమీ లేదు. ఆ వరుస వేసినవాళ్లది తప్పు. మధ్యలో ఒక విరామం ఇచ్చి, ఖారీ ద్వారానే రెండు ముక్కలు చెప్పిస్తే సరిపోయేది.

చివరి పాట మీద నాకున్న బాధ అంతా ఒక రిహార్సల్‌లో పుట్టింది. ఆ రోజు ఒక అరబ్బు గాయకుడి పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన పాడుతున్నది మకామ్ రాస్త్. అందులో మూడో స్వరం మన లెక్కకు దొరకదు. సాధారణ గాంధారం కంటే పైన, అంతర గాంధారం కంటే కింద, రెంటికీ నడుమ ఉంటుంది. కీబోర్డులో ఆ చోట మీట లేదు. మొదటిసారి ఆయన తన స్వరమే పట్టుకున్నారు. కీబోర్డు వాయించే అబ్బాయి తలెత్తి చూశాడు, శ్రుతి తప్పిందనుకుని. రెండోసారి ఆయన ఆ స్వరాన్ని ఒక పిసరు పైకి జరిపి, కీబోర్డు మీటకు సరిపెట్టేశారు. ఇప్పుడు కలిసిందని అందరూ సంతోషించారు. ఆయన కూడా నవ్వారు. ఆ పిసరులోనే రాస్త్ ఉంది. అది జరిగిపోయాక మిగిలింది ఏ పాటలోనైనా దొరికే మేజర్ స్కేలు.

కలిపి పాడించే ప్రతిచోటా ఇదే జరుగుతుంది. ఎవరి దగ్గర అందరికీ తెలిసిన బాణీ ఉందో వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ఎవరి పాట తక్కినవాళ్ల పాటకు దూరమో వాళ్లే జరగాలి. టిబెటన్ బౌద్ధుల గ్యూటో మఠం భిక్షువుల సంగతి చూడండి. 1964లో హ్యూస్టన్ స్మిత్ అనే మత అధ్యయన పండితుడు భారతదేశంలో తలదాచుకున్న ఆ భిక్షువుల పఠనం విని నివ్వెరపోయారు. పాతాళం నుంచి వచ్చినట్టుండే ఒకే గొంతులో రెండు మూడు స్వరాలు ఒకేసారి పలుకుతున్నాయి. ఆయన రికార్డు చేసి తెచ్చిన ఆ శబ్దాన్ని తర్వాత ధ్వనిశాస్త్రవేత్తలు కూర్చుని విశ్లేషించారు. అంతటి గొంతులున్న మనుషులను చివరి పాటలో ఎక్కడ ఇమడ్చాలో తెలియక వెనక వరుసలో నిలబెడతాం. వాళ్లు అక్కడ ఉండేది ఫొటో కోసమే. అది చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

గమ్యం ఒక్కటే అనే మాట మంచి మనసుతోనే అంటారు, కాదనను. కానీ గమ్యం దాకా ఎందుకు, మతాలకు సంగీతం విషయంలోనే ఏకాభిప్రాయం లేదు. పాటలోని అర్థం కంటే పాట తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమేనని తొలినాటి క్రైస్తవ గురువు అగస్టీన్ తన ఆత్మకథలో ఒప్పుకున్నారు. అలాగని వదులుకోనూ లేకపోయారు, మతంలోకి వచ్చిన తొలిరోజుల్లో చర్చి పాట విని తాను కార్చిన కన్నీళ్లు ఆయనకు గుర్తున్నాయి. అంగుత్తర నికాయం అనే పాలి బౌద్ధ గ్రంథంలో బుద్ధుడు, ధర్మాన్ని రాగాలు తీసి పాడితే వచ్చే నష్టాలు ఐదు అని లెక్కపెట్టి చెబుతాడు. పాడేవాడికి తన గొంతు మీదే మోజు పుడుతుంది. వినేవాళ్లకూ ఆ గొంతు మీదే మోజు పుడుతుంది. మనం పాడినట్టే వీళ్లూ పాడుతున్నారేమిటని గృహస్థులు ఆక్షేపిస్తారు. స్వరం మీద ధ్యాసతో ఏకాగ్రత చెదురుతుంది. తర్వాతి తరం ఇదే పద్ధతి అనుకుంటుంది. రెండున్నర వేల ఏళ్ల కిందటి ఈ ఐదూ చదువుతుంటే, ఇవాళ్టి గాయకులెవరైనా ఒక్కసారి ఆగి ఆలోచిస్తారు.

ఇంకా ఉన్నాయి. క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయం కూలిపోయాక యూదుల సినగాగు ఆరాధనలో వాయిద్యాలు పక్కకు తప్పుకున్నాయి. సనాతన యూదులు ఇప్పటికీ సబ్బాతు నాడు, అంటే శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా, వాయిద్యం ముట్టరు, మైకు వాడరు. ప్రార్థనలు పాడే వాళ్ల కాంటర్‌ను శుక్రవారం రాత్రి కచేరీకి పిలవడమంటే రావద్దని చెప్పడమే. గ్రీకు ఆర్థొడాక్స్ చర్చి సంప్రదాయంలోనూ వాయిద్యం లేదు. కొందరు ఐసన్ అనే ఆధార స్వరాన్ని గొంతుతోనే పట్టి ఉంచితే, దాని మీద మిగతావాళ్లు పాడతారు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ పాత పద్ధతి ఆరాధనలో అసలు పాటే ఉండదు, మౌనంగా కూర్చుంటారు. వేద పఠనంలో ఉదాత్త, అనుదాత్త, స్వరితాలనే స్వరాలు తప్పితే మంత్రమే తప్పినట్టు లెక్క, అందులో గాయకుడి సొంత కల్పనకు చోటు లేదు. వందల ఏళ్లు తలలు బద్దలు కొట్టుకుని ఒక్కొక్కరు తేల్చుకున్న సంగతులివి. ఇవన్నీ ఒకటేనని యాంకర్ ఒక్క వాక్యంలో తేల్చేస్తే, అది ఆ ఆలోచనలేవీ వినకుండా తలుపు వేసేయడమే అవుతుంది.

దీనికి ఎదురుగా వచ్చే మాట బలమైనదే. ఒక మీటింగులో ఒక పెద్దాయన నాతో అన్నారు: "అమ్మా, బయట అందరూ తేడాలే చెబుతున్నారు. ఒక్క సాయంత్రమైనా కలిసి ఉన్నట్టు చూపిద్దాం, దానికి కూడా అడ్డం వస్తావా?" ఆయన ఆవేదన నాకు అర్థమవుతుంది, ఆయనంటే గౌరవం కూడా. అయినా నాకు రబాబీలు గుర్తొస్తారు. గురు నానక్ వెంట రబాబ్ అనే తంత్రీవాద్యం వాయిస్తూ ఊరూరా తిరిగిన భాయీ మర్దానా ముస్లిం కుటుంబంలో పుట్టినవారు. ఆ తర్వాత తరతరాలుగా ముస్లిం రబాబీలు గురుద్వారాల్లో, అమృత్‌సర్ హర్మందిర్ సాహిబ్‌లో కూడా, గుర్బానీ, అంటే గురువుల వాణి, పాడారు. 1947 విభజనలో ఆ కుటుంబాలు సరిహద్దు దాటి వెళ్లిపోవాల్సి వచ్చింది. అన్ని తరాల పాట ఆ రోజు కత్తులను ఆపలేదు. అలాంటిది ఐదు నిమిషాల మెడ్లీ, అంటే ఆ కలగలుపు పాట, ఏదో ఆపుతుందని నేను నమ్మలేను. పాట నెత్తిన అంత బరువు పెట్టడం పాటకే అన్యాయం.

పాట చేయగలిగింది ఇంకొకటుంది. ఖారీ ఎక్కడ ఆగుతారో, ఖవ్వాల్ ఏ పంక్తి దగ్గర వెనక్కి వస్తారో, ఇథియోపియా పూజారులు డోలు దాకా ఎంతసేపు ఓపిక పడతారో దగ్గర కూర్చుని విన్న మనిషితో, ఆ మతం వాళ్లంతా ఇంతే అని రేపు ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఆ మనిషి "అలా కాదండీ, నేను విన్నాను" అనగలుగుతారు. అంత వివరంగా వినిపించాలంటే సమయం కావాలి. ఆ సమయాన్ని చివరి పాటా, మితిమీరిన బృందాల సంఖ్యా తినేస్తున్నాయి.

వేర్వేరు గొంతులను ఒకచోట చేర్చడం ఎలాగో తెలిసినవాళ్లు మనకంటే ముందే ఉన్నారు. 1604లో గురు అర్జన్ సిక్కుల పవిత్ర గ్రంథమైన ఆది గ్రంథ్‌ను కూర్చినప్పుడు సిక్కు గురువుల వాణితో పాటు కబీర్, నామదేవ్, రవిదాస్, సూఫీ షేక్ ఫరీద్‌ల రచనలనూ అందులో పెట్టారు. గ్రంథంలో పెద్ద భాగం రాగాల వారీగా ఉంటుంది. ఎవరి రచన వారి పేరుతోనే ఉంటుంది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఫరీద్ శ్లోకాల భాగం. విరహంతో ఒళ్లు తందూరులా కాలుతోందని, ఎముకలు కట్టెల్లా మండుతున్నాయని ఫరీద్ ఒక శ్లోకంలో అంటారు. దాని కిందే నానక్ జవాబు ఉంటుంది: ఒంటిని తందూరు చేయకు, ఎముకలను కట్టెలు చేయకు, ప్రియుణ్ణి నీ లోపలే చూడు. ఫరీద్ మాటను తీసేయలేదు, నానక్ మాటకు తగ్గట్టు దిద్దనూ లేదు. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు, భేదాభిప్రాయంతో సహా. సిక్కులు ఆ రెండింటి ముందూ తల వంచుతారు. ఉత్సవానికి నమూనా కావాలంటే నేను దీన్నే చూపిస్తాను.

ఒక మతంలో పుట్టి ఇంకో మతం సంగీతంలోకి నిజంగా వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్ల దారి మెడ్లీ దారి కాదు. 1924లో కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరాన్ని ఏళ్ల తరబడి సాధన చేసి, శ్రీరంగంలో స్థిరపడి, త్యాగరాజ కృతులను పండితులు తలూపేలా వాయించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి క్రైస్తవ కీర్తనలను మన రాగతాళాల్లో రాస్తే, తెలుగు చర్చిల్లో అవి ఇప్పటికీ పాడుతున్నారు. ఇలాంటివి ఒక మధ్యాహ్నం రిహార్సల్‌లో తయారు కావు. ఉత్సవంలో వీటికి తప్పకుండా చోటుండాలి, అదీ పూర్తి నిడివితో.

పవిత్ర సంగీతం గుడి గడప దాటకూడదని నేను అనడం లేదు. జర్మన్ స్వరకర్త బాక్ చర్చి కోసం రాసిన, క్రీస్తు శ్రమలను పాడే మత్తయి పాషన్‌ను 1829లో ఇంకో స్వరకర్త మెండెల్సన్ బెర్లిన్‌లో కచేరీగా నడిపించబట్టే అది మళ్లీ లోకానికి దక్కింది. రావడంలో ఇబ్బంది లేదు, ఏది రావాలో ఎవరు నిర్ణయిస్తారన్నదే ప్రశ్న. క్యూబాలో, ఆఫ్రికా యొరూబా జాతి వాళ్ల నుంచి వచ్చిన శాంతెరియా ఆరాధనలో బటా డోళ్లు మూడుంటాయి. క్రతువు చేసి ప్రతిష్ఠించిన డోళ్లను దీక్ష ఉన్నవాళ్లే ముట్టాలి. 1930ల్లో ఫెర్నాందో ఓర్తిజ్ అనే పండితుడు హవానాలో బటాను సభలో వినిపించాలనుకున్నప్పుడు, ఆ వాద్యకారులే ప్రతిష్ఠ లేని వేరే జత చేయించి వాటి మీద వాయించారు. లయ బయటికి వచ్చింది, ప్రతిష్ఠించిన డోళ్లు మాత్రం తమ చోట ఉండిపోయాయి. హద్దు ఎక్కడ గీయాలో వాళ్లే గీసుకున్నారు.

కాబట్టి ఆహ్వానం రాసేటప్పుడే అడుగుదాం. మీ పాటకు కనీసం ఎంతసేపు కావాలి? ఎలా కూర్చుంటారు? మైకు పెట్టొచ్చా? జనం చప్పట్లు కొట్టొచ్చా, తల కప్పుకోవాలా, చెప్పులు విప్పాలా? మీరు పాడకూడని రోజు ఏది? బయట పాడకూడనివి ఏవైనా ఉన్నాయా? సాయంత్రానికి ఎనిమిది బృందాల బదులు మూడు చాలు. పాట అర్థం ముందే అచ్చువేసి చేతికిద్దాం. పరిచయం యాంకర్ కాకుండా పాడేవాళ్లే చేసుకుంటారు. వీలైతే వాళ్ల ప్రార్థనా స్థలానికే మనం వెళ్దాం, ఒక్కో సాయంత్రం ఒక్కో చోటికి.

రాలేమని చెప్పేవాళ్లూ ఉంటారు. మాది సంగీతం కాదని ఒక ఖారీ, మా శీల నియమం ఒప్పుకోదని ఒక భిక్షువు, ఈ వేదిక మీద పాడితే అది ప్రార్థనగా మిగలదని ఒక చర్చి పెద్ద చెప్పొచ్చు. ఇప్పటిదాకా వాళ్ల పేర్లు జాబితాలోంచి కొట్టేసి ఇంకొకరిని వెతుక్కుంటున్నాం. వాళ్లు ఒప్పుకుంటే ఆ కారణాన్ని వాళ్ల మాటల్లోనే కార్యక్రమ పత్రంలో ఒక పేజీకి అచ్చువేద్దాం. వచ్చినవాళ్ల పరిచయాలకు ఇచ్చినంత చోటే దానికీ ఇద్దాం. చివరి పాట కోసం అద్దెకు తెచ్చే కీబోర్డు, అదనపు మైకులు మానేస్తే ఆ పేజీ ఖర్చు అందులోనే వచ్చేస్తుంది.